ఇనిషియల్‌లో పట్టని ఇంటిపేరు

నల్లంపల్లి పక్క తెలుగిండ్లలో సంబంధం మాటలు మొదలైతే పెద్దవాళ్ళు ముందుగా అడిగేది "మీ ఇంటిపేరేంది?" అనే. రెండువైపులా ఒకటే అయితే అన్నదమ్ముల వరస అని మాట అక్కడే ఆగిపోతుంది. ఇంత పని చేసే పేరు మా ఇండ్లలో రేషన్ కార్డులో లేదు, పిల్లల టీసీలో లేదు. అక్కడ ఉండేది నాయన పేరు మొదటి అక్షరం.

ఇనిషియల్ అన్నిచోట్లా ఒకటే కాదు. ఎన్.టి. రామారావులో 'ఎన్' నందమూరి, అంటే ఇంటిపేరు. హెచ్.డి. దేవెగౌడలో 'హెచ్' హరదనహళ్ళి అనే ఊరు, 'డి' తండ్రి దొడ్డెగౌడ. ఎం.కె. స్టాలిన్‌లో 'ఎం' తాత ముత్తువేలు, 'కె' తండ్రి కరుణానిధి. మేముండే తమిళనాట ఇనిషియల్ తరానికొకసారి మారిపోతుంది. ఇంటిపేరు వందల ఏండ్లైనా మారదు.

మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ళే. కందుకూరు నుంచి వచ్చినవాళ్ళు కందుకూరివాళ్ళైనారు. ఊరు విడిచినా ఆ 'రి' విడవలేదు. స్పెయిన్‌లో ఫెర్నాండెజ్ అంటే మొదట్లో ఫెర్నాండో కొడుకు అని అర్థం. అది మన ఇనిషియల్ లాగా మారిపోకుండా ఇంటిపేరుగా నిలిచి, సముద్రాలు దాటి మెక్సికో దాకా పోయింది.

తెలుగు ఇంటిపేరు తమిళనాట నిలిచిన కథ పెమ్మసానివాళ్ళది. వాళ్ళు కడప సీమలో, పెన్నా లోయ అంచున ఉన్న గండికోటను ఏలినారు. పెమ్మసాని రామలింగ నాయుడు కృష్ణదేవరాయల సేనాని. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. ఆ వంశంవాళ్ళు కొందరు దక్షిణానికి వచ్చినారు. ఇప్పటి తెన్‌కాశి జిల్లా కురువికుళం జమీందారులది ఆ ఇంటిపేరే. కోట పోయింది, పేరు మిగిలింది.

అయితే పేరు కలిసినంత మాత్రాన వంశం కలిసినట్టు కాదు. ఒకే ఊరిపేరు వేరువేరు కులాలవాళ్ళకి ఇంటిపేరుగా ఉంది. ఫిలిప్పీన్స్‌లో 1849లో గవర్నర్ క్లావెరియా ఒక పట్టిక తయారుచేయించి జనానికి ఇంటిపేర్లు పంచినాడు. అందుకే అక్కడ స్పానిష్ పేరున్న వాళ్ళందరూ స్పెయిన్ సంతతి కాదు.

మాలాంటి పెమ్మసాని కానివాళ్ళకి జమీ కాగితాలు లేవు. పెద్దవాళ్ళ నోరే మా దస్తావేజు. ఆ నోళ్ళు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. మన ఆడవాళ్ళ విషయం ఇంకా కష్టం. పెండ్లితో పుట్టింటి ఇంటిపేరు పోతుంది, తరువాత ఎవరూ అడగరు. స్పెయిన్‌లో మనిషికి రెండు ఇంటిపేర్లు, తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి. పెండ్లైనా అవి మారవు.

కాబట్టి ఈ వారమే మీ ఇంట్లో ఒక నోటుపుస్తకం తీయండి. ఇంటిపేరు పూర్తిగా, తెలుగు అక్షరాల్లో రాయండి. దాని కింద అమ్మ పుట్టింటిది, అవ్వ పుట్టింటిది రాయండి. అవ్వ ఉన్నప్పుడే అడగండి.