విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో చౌక వినోదం: ఖర్చు భరించినవారి చరిత్ర

వ్యాససంగ్రహం:
ఉత్తరాంధ్రలో సంగీతం, నాటకం, జాతర వినోదాలు చాలాకాలం సామాన్యులకు ఉచితంగానో, స్వల్ప రుసుముతోనో అందాయి. ప్రేక్షకుడు చెల్లించని మిగతా ఖర్చును ఎవరు భరించారన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంస్థానం, గ్రామం, ప్రభుత్వం అనే మూడు పోషక వ్యవస్థలను పోల్చి, మూడింటిలోనూ కొంత భారం కళాకారునిపైనే మిగిలిందని చూపడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: విజయనగర సంస్థానం, కన్యాశుల్కం, మధూకరం, తప్పెటగుళ్ళు, సిరిమానోత్సవం, వినోదపు పన్ను.

1. ఉపోద్ఘాతం:
కళాచరిత్రలు సాధారణంగా కృతిని, కర్తను, పోషకుణ్ణి స్మరిస్తాయి. ప్రదర్శన చూడటానికి సామాన్యునికి ఎంత ఖర్చయిందన్న ప్రశ్న వాటిలో అరుదు. నిజానికి ఉచిత ప్రదర్శన అంటూ ఏదీ ఉండదు. దీపానికి నూనె, వాద్యానికి తోలు, ఆడేవారికి అన్నం ఎవరో ఒకరు సమకూర్చాలి. ఆ భారం ఎవరిమీద పడిందో తెలిస్తే, ఒక కళ ఎందుకు నిలిచిందో, మరొకటి ఎందుకు సన్నగిల్లిందో తెలుస్తుంది.

2. సంస్థానం ఇచ్చిన నీడ:
ఆనంద గజపతి పాలనలో (1879-1897) విజయనగరం సంగీత సాహిత్యాలకు కేంద్రమైంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ను 1892లో జగన్నాథ విలాసినీ సభవారు తొలిసారి ప్రదర్శించారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కవివాహాలను ఆనంద గజపతి లెక్కకట్టించగా 1034 తేలాయని 1897 నాటి తొలి ముద్రణ పీఠికలో గురజాడ పేర్కొన్నారు. ఆ ముద్రణ ఆనంద గజపతికే అంకితమైంది. ఒక దురాచారాన్ని లెక్కించిన ఆదరణే దానిని విమర్శించిన నాటకానికీ అండగా నిలిచిందన్నమాట. పెద్దల ఆచారాన్ని ప్రశ్నించే నాటకం కేవలం ప్రేక్షకుల మెప్పుపై ఆధారపడవలసిన అవసరం ఇక్కడ తగ్గింది. అయితే అటువంటి పోషణకు దాత అభిరుచే హద్దు, దాత ఆయుర్దాయమే గడువు.

1919లో విజయరామ గజపతి స్థాపించిన సంగీత పాఠశాల ఈ పోషణను సంస్థ రూపంలో స్థిరపరచింది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షులు. 1936లో ఆ స్థానంలోకి ద్వారం వెంకటస్వామినాయుడు వచ్చారు. కాని పాఠశాల ఉన్నంత మాత్రాన పేద విద్యార్థికి పూట గడవదు. ఇక్కడ చదువుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావు మధూకరం ఎత్తి కడుపు నింపుకొన్నారు, గురువు పట్రాయని సీతారామశాస్త్రి ఇంట ఆదరణ పొందారు. అంటే సంగీత విద్యకయ్యే ఖర్చులో ఒక భాగం కోటది, ఒక భాగం గురువుది, మరొక భాగం జోలెలో పిడికెడు అన్నం వేసిన గృహిణులది. ఈ చివరివారి పేర్లు పోషకుల జాబితాల్లో కనిపించవు. ఆదరణ లేని ఇంట్లో కళ ఎంత భారమవుతుందో విజయనగరానికే చెందిన చాసో ‘వాయులీనం’ కథ చూపుతుంది. అందులో ఇంటి అవసరాలకు చివరికి అమ్ముడుపోయేది వాయిద్యమే.

3. ఊరుమ్మడి వినోదం:
పల్లెల్లో లెక్క వేరు. తప్పెటగుళ్ళు, జముకులకథ, తూర్పు భాగవతం వంటి రూపాలకు టికెట్టు లేదు. యాదవులు రొమ్మున గుండ్రని తప్పెటలు కట్టుకొని ఆడే తప్పెటగుళ్ళు గంగమ్మ కొలువుతో ముడిపడినవి. ఊరు చందాలు వేసుకొని మేళాన్ని పిలిపించేది. ప్రదర్శన నడుమ చదివింపులు వచ్చేవి. హరికథలో సంభావన గృహస్థుడిదైతే, హారతి పళ్లెంలో పడే చిల్లర శ్రోతలది. ఇవ్వగలవాడు ఇస్తాడు, ఇవ్వలేనివాడూ కూర్చొని వింటాడు. ధర నిర్ణయం కాకపోవడమే ఇక్కడ రాయితీ.

ఈ పద్ధతి పట్టణంలో విస్తృతంగా కనిపించే సందర్భం విజయనగరం పైడితల్లి జాతర. విజయదశమి తరువాతి మంగళవారం సిరిమాను గుడికీ కోటకూ నడుమ మూడుసార్లు తిరుగుతుంది. ముందురోజు తొలేళ్ళ రాత్రి వీధులే రంగస్థలాలవుతాయి. చుట్టుపక్కల పల్లెల కుటుంబాలకు ఇది మొక్కు, బంధుదర్శనం, విహారం కలిసిన యాత్ర. దారిఖర్చులు పెట్టుకొని వస్తే చాలు, వేడుక చూడటానికి వేరే రుసుము లేదు.

4. టికెట్టు, పన్ను, రాయితీ:
నాటక కంపెనీలు, ఆ తరువాత సినిమా హాళ్లు నేల, బెంచీ, కుర్చీ తరగతులుగా ధరలు విభజించాయి. నేల టికెట్టు పేదవానికి ప్రవేశమిచ్చింది, అతని స్థాయి ఏదో కూడా చూపించింది. 1939 నాటి మద్రాసు వినోదపు పన్ను చట్టంతో ప్రవేశ రుసుముపై సర్కారు వాటా చేరింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీ ఆదాయాన్ని అంతం చేసింది. రైతుకు అది విముక్తి. కళకు మాత్రం పాత పోషకుడు పోయి, కొత్త పోషకుడిగా ప్రభుత్వం మిగిలింది.

ఆ ప్రభుత్వం ఇచ్చే రాయితీ స్వభావాన్ని గమనించాలి. వస్తు సేవల పన్ను విధానంలో నాటక, నృత్య ప్రదర్శనల ప్రవేశ రుసుముకు 2017లో 250 రూపాయల వరకు మినహాయింపు ఉండగా, 2018లో ఆ పరిమితిని 500 రూపాయలకు పెంచారు. ఇది మెచ్చదగిన చర్యే. అయితే టికెట్టు ఉన్న కళకే ఇది వర్తిస్తుంది. అసలు టికెట్టే లేని తప్పెటగుళ్ళ మేళానికి దీనివల్ల ఒరిగేది లేదు. ఆ మేళం ఉత్సవాల్లో పిలుపు కోసం, పారితోషికం కోసం ఎదురుచూడాలి. అది చాలనప్పుడు లోటు భరించేది కూలిపని మానుకొని వచ్చిన కళాకారుడే.

5. ముగింపు:
ఉత్తరాంధ్రలో చౌక వినోదం చౌకగా తయారైనది కాదు. కోట, గురువు, గృహిణి, ఊరు, కళాకారుడు దాని ఖర్చును పంచుకొన్నారు. నేటి సాంస్కృతిక విధానం ప్రేక్షకుని రుసుమును తగ్గించడం మీదనే దృష్టి నిలిపితే, పంపకంలో తక్కినవారి వాటా మరుగునపడుతుంది. రుసుము లేని కళల విషయంలో రాయితీ ఇవ్వవలసింది చూసేవానికి కాదు, ఆడేవానికి. జాతరల ఖర్చు పద్దులు, సభల చందా పుస్తకాలు, మేళాల మౌఖిక చరిత్రలు ఈ దృష్టితో సేకరించగలిగితే, పోషకుల పట్టికలో లేని పేర్లు కొన్నయినా చరిత్రకెక్కుతాయి.