డ్యాష్‌బోర్డుపై పసుపు లైట్: ఢిల్లీ ట్రాఫిక్‌లో డీజిల్ కార్ల చిక్కు

తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద లైట్లు చాలావరకు ఒక్కసారి వెలుగుతాయి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోతాయి. లైట్లు పనిచేస్తున్నాయని కారు చూపించడమే అది. ఆరకుండా నిలిచిన లైటునూ, దారిలో కొత్తగా వెలిగినదాన్నీ పట్టించుకోవాలి. ఎరుపైతే బండి పక్కకు తీసి ఆపాలి, పసుపైతే జాగ్రత్తగా నడుపుకుంటూ వెళ్లి మెకానిక్‌కు చూపించాలి. దాదాపు అన్ని కార్లకూ ఇదే లెక్క. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో డీజిల్ కారు నడిపేవారికి మాత్రం ఒక మినహాయింపు ఉంది. అదే డీపీఎఫ్ లైట్.

డీపీఎఫ్ అంటే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో కొత్త డీజిల్ కార్లలో ఇది మామూలైపోయింది. (ఢిల్లీ బంకుల్లోకి బీఎస్-6 ఇంధనం అంతకు రెండేళ్ల ముందే, 2018 ఏప్రిల్‌లోనే వచ్చింది.) పొగలోని మసిని ఈ ఫిల్టర్ పట్టి ఉంచుతుంది. పోగైన మసిని సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. ఆ వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. రోజూ లక్ష్మీనగర్ నుంచి ఐటీఓ దాకా పాకుతూ వెళ్లే కారుకు ఆ అవకాశం ఎక్కడిది? మసి సగం కాలేలోపే ఆఫీసు వస్తుంది, ఇంజిన్ ఆపేస్తాం. మళ్లీ మళ్లీ ఇలాగే జరిగితే సైలెన్సర్‌లో చుక్కలున్నట్టు కనిపించే గుర్తు వెలుగుతుంది.

అప్పుడు బండి ఆపి కూర్చోవడం వల్ల లాభం లేదు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే, ఢిల్లీ-మీరట్ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి ఖాళీ దారి చూసుకుని, వేగ పరిమితి దాటకుండా, 60 కిలోమీటర్లకు పైన 15-20 నిమిషాలు నడపాలి. మీ మోడల్‌కు ఎంత వేగం, ఎంతసేపు అన్నది కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. లైట్ ఆరేదాకా ఇంజిన్ ఆపకండి. ఆరకపోయినా, పికప్ తగ్గినా, తోడుగా చెక్ ఇంజిన్ లైట్ వెలిగినా ఇక సర్వీస్ సెంటరే. నిర్లక్ష్యం చేస్తే ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోయి మార్చాల్సి వస్తుంది, అది చిన్న ఖర్చు కాదు. మసి కాల్చే పని మాటిమాటికీ మధ్యలో ఆగిపోతే కొన్ని ఇంజిన్లలో డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగినట్టు కనిపిస్తే సంతోషించకూడదు. ‘ఫిల్టర్ పీకేస్తే గొడవే ఉండదు’ అనే మెకానిక్ మాట అసలే వినొద్దు. అది చట్టవిరుద్ధం, పైగా ఆ మసి పీల్చేది మనమే. నిజానికి నగరం దాటి వెళ్లని వారికి డీజిల్ కన్నా పెట్రోల్ కారే నయం.

చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో చూపించవచ్చు. మిణుకుమిణుకుమంటే వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ఆపాలి. ఇంధనం సరిగా మండక క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది.

ఎరుపు లైట్లతో బేరాలు లేవు. ఆయిల్ డబ్బా గుర్తు వెలిగితే ఇంజిన్ వెంటనే ఆపాలి. థర్మామీటర్ గుర్తుకూ అంతే. ఇంజిన్ చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. హ్యాండ్‌బ్రేక్ దించినా బ్రేక్ లైట్ ఆరకపోతే బండి కదపొద్దు. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కు ఫోన్ చేయవచ్చు.

చలికాలం పొద్దున్నే టైరు గుర్తు వెలిగితే కంగారు పడకండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే టైరులో గాలి దాదాపు 2 పీఎస్ఐ తగ్గుతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలిచి గాలి నింపించుకోండి.