కాబ్ గోడ

ఇంగ్లండు దక్షిణ తీరమున, డార్సెట్ సీమలో, లైమ్ రీజిస్ అను చిన్న పట్టణము కలదు. 1284లో మొదటి ఎడ్వర్డు రాజు దానికి హక్కుల శాసనమిచ్చెను. కాని ప్రకృతి ఆ యూరికి రేవు నియ్యలేదు. నైరృతి గాలి రేగినచో ఓడలకు అచ్చట తలదాచుకొన చోటు లేదు. అందుచే ఊరివారు కడలిలో ఒక వంపు గోడ కట్టుకొనిరి. దాని పేరు కాబ్.

తొలినాటి కాబ్‌కు సున్నపు కట్టుబడి లేదు. ఓకు దుంగలను సముద్రపు టడుగున పాతి, వాని నడుమ బండరాళ్లను పేర్చిరి. అంత బరువు రాళ్లను నీటిలోనికి చేర్చుటెట్లు? ఖాళీ పీపాల నడుమ కట్టి, తేల్చి తెచ్చెడివారు. ఉపాయము చక్కనిదే గాని అలలకు దయ లేదు. 1377 నాటి తుపానులో కాబ్ కొట్టుకొనిపోయెను; దానితో సుమారు 50 పడవలు, 80 ఇండ్లు నశించెను. మరల కట్టిరి. గోడ లేనిదే ఓడ లేదు, ఓడ లేనిదే వర్తకము లేదు.

ఆ శ్రమకు ఫలము 1644లో దక్కెను. అంతర్యుద్ధ కాలమున లైమ్ పార్లమెంటు పక్షము వహించెను. రాజపక్షమున మారిస్ రాకుమారుడు పెద్ద సేనతో వచ్చి ఊరిని ముట్టడించెను. నేల దారులు మూతపడినను సముద్రపు దారి మూతపడలేదు. ముట్టడిదారులు కాబ్‌లోని ఓడలను కొన్నిటిని తగులబెట్టిరి. అయినను పార్లమెంటు నౌకలు తిండిని, మందుగుండును తెచ్చుచునే యుండెను. దాదాపు ఎనిమిది వారములు వేచి మారిస్ వెనుదిరిగెను. ప్రాకారము లంతగా లేని ఆ యూరిని కాచినది ఈ రేవే యనిన అతిశయోక్తి కాదు.

చిత్రమేమనగా, అప్పటికి కాబ్ నేలను తాకియుండలేదు. నీటి నడుమ ద్వీపము వలె నుండెను. 1756లో గాని దానిని తీరముతో కలుపలేదు.

1824 నవంబరు తుపాను మరల దానిని చీల్చెను. ఈసారి మరమ్మతు భారమును ప్రభుత్వము వహించెను. సైనిక ఇంజనీరు కెప్టెన్ ఫాన్‌షా 1825, 1826 సంవత్సరములలో పని నడిపించెను. 17 వేల పౌనులకు పైగా వ్యయమయ్యెను.

జేన్ ఆస్టెన్ తన ‘పర్సుయేషన్’ నవలలో లూయిసా అను యువతిని ఈ కాబ్ మెట్లపైనుండియే పడవేసినది. ఆమె పడిన మెట్లేవి యని సందర్శకులు నేటికిని వెదకుచుందురు. గోడ పైబాట సముద్రము వైపునకే వాలియుండును. వాన తడి యున్న దినమున అచ్చట మెల్లగా నడువవలెను.