మాంట్‌పిలియర్ కొండ

ఐర్లండు రాజధానియగు డబ్లిన్ నగరమునకు దక్షిణముగా మాంట్‌పిలియర్ అను కొండ కలదు. ఎత్తు 383 మీటర్లు మాత్రమే. ఎక్కుటకు గంటసేపు పట్టదు.

దారికిరువైపుల సూదియాకుల చెట్లు దట్టముగా నిలిచియుండును. ఇది ప్రాచీనారణ్యమని మనము భ్రమపడరాదు. ఓడలకు, పీపాలకు, ఇనుము కరగించు కొలుములకు, సేద్యమునకు నరకగా నరకగా, ఇరువదవ శతాబ్దారంభమునకు ఐర్లండు నేలలో నూటికొక పాలు మాత్రమే అడవి మిగిలినది. 1904లో ప్రభుత్వము దేశనాయకుడు పార్నెల్ జన్మించిన ఏవన్‌డేల్ ఎస్టేటును కొని, అచట వనవిద్యాశాలను నెలకొల్పినది. నేడు అడవి నూటికి పదకొండు పాళ్లకు పెరిగినది. కాని అందు హెచ్చుగా నాటినది ఉత్తర అమెరికా పడమటి తీరమునుండి తెచ్చిన సిట్కా స్ప్రూస్. అది వేగముగా పెరుగును, కలపకు పనికివచ్చును; దాని చిక్కని నీడలో మాత్రము గడ్డి మొలచుట యరుదు. పోయిన వనము వేరు, వచ్చిన తోట వేరని మా యభిప్రాయము.

శిఖరమునుండి డబ్లిన్ నగరమంతయు కానవచ్చును. మనవారగు వరాహగిరి వెంకటగిరిగారు 1913 మొదలు 1916 వరకు న్యాయశాస్త్రము చదివినది ఆ నగరముననే.

అచటనే పాడుపడిన రాతి మేడయొకటి యున్నది. 1725 ప్రాంతమున ఐరిష్ పార్లమెంటు దిగువసభ స్పీకరు విలియం కానలీ దానిని వేటవిడిదిగా కట్టించెను. యుద్ధానంతరము జప్తైన భూములను కొని, అమ్మి ధనికుడైనవాడాతడు. మేడకు రాళ్లెక్కడివి? ప్రక్కనున్న పూర్వుల సమాధి దిబ్బనుండి పెరికినవి. కొలది కాలమునకే గాలివానకు కప్పు లేచిపోగా, సమాధిని కలచినందుకు సైతాను కోపించెనని పల్లెవారనిరి. కానలీ వెరవక రాతి కమానుతో కప్పు మరల వేయించెను. 1735 ప్రాంతమున వెలసిన హెల్ ఫైర్ క్లబ్బు అను విలాసపురుషుల గోష్ఠి పేరు పిమ్మట ఈ మేడకంటుకొన్నది. పేకాటకు వచ్చిన అపరిచితుని పాదము గిట్టగా కనిపించెనను కథయు పుట్టినది. ఆ గోష్ఠి ఇచట కూడెననుటకు ఆధారములు స్వల్పము. అయినను జనులు దయ్యమును తలచుకొనియే కొండ నెక్కుదురు. సమాధిని తలచువారు తక్కువ. ఇది మాకు న్యాయముగా తోచదు.

2016లో పురావస్తు శాస్త్రజ్ఞులు మేడ వెనుక దిబ్బను త్రవ్విరి. అది సుమారు ఐదువేల యేండ్లనాటి సొరంగ సమాధియని తేలినది. ఆ యేడే ప్రాచీనుల చెక్కడపు రేఖలు గల రాయియొకటి గుర్తింపబడెను. తరతరాలుగా జనులు దాని ప్రక్కనే నడచిపోవుచుండిరి.