టెస్టు ఆటగాడు, పొట్టి ఫార్మాట్ ఆటగాడు: ఒక విభజన చరిత్ర

నేటి క్రికెట్‌లో ఒక ఆటగాణ్ని పరిచయం చేసేటప్పుడు అతను బ్యాటరా, బౌలరా అన్న ప్రశ్న వెనకే, టెస్టు ఆటగాడా, వన్డే ఆటగాడా, టీ20 ఆటగాడా అన్న మరో ప్రశ్న కూడా వస్తుంది. ఐదు రోజుల టెస్టు మ్యాచ్‌లనూ, దేశవాళీ స్థాయిలో మూడు రోజులకు తగ్గకుండా సాగే ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లనూ కలిపి సుదీర్ఘ ఫార్మాట్ అంటున్నారు. ఒక్కో జట్టుకు యాభై ఓవర్లో ఇరవై ఓవర్లో మాత్రమే ఇచ్చి ఒక్క రోజులో ఫలితం తేల్చే ఆటను పరిమిత ఓవర్ల ఫార్మాట్ లేదా పొట్టి ఫార్మాట్ అంటున్నారు. టెస్టు క్రికెట్ మొదలైన 1877 నుంచి ఎనిమిది దశాబ్దాలకు పైగా అంతర్జాతీయ ఆటగాడి విషయంలో ఈ రెండో ప్రశ్నకు అర్థమే లేదు. ఆ తర్వాత ఏర్పడిన విభజనను ఆటగాళ్ల స్వభావభేదంగా మాత్రమే చూడటం పరిపాటి అయినా, చరిత్రను వరుసగా పరిశీలిస్తే నిబంధనలు, బంతి, పారితోషికం, క్యాలెండర్ అనే నాలుగు అంశాలు ఒకదానికొకటి తోడై ఒకే ఆటను రెండు వృత్తులుగా చీల్చిన వైనం స్పష్టమవుతుంది.

తొలినాటి క్రికెట్‌లో కాలానికి ఉన్న విలువ వేరు. 1939లో డర్బన్‌లో ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా జట్ల మధ్య కాలపరిమితి లేకుండా మొదలైన టెస్టు పది రోజులు గడిచినా ఫలితం తేలక, ఇంగ్లండ్ జట్టు స్వదేశానికి వెళ్లే ఓడను అందుకోవలసి రావడంతో డ్రాగా ముగిసింది. అలాగని ఆ కాలంలో వేగంగా ఆడేవారు లేరనుకోవడం పొరపాటు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, 1932లో భారత తొలి టెస్టు జట్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు, 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశాడు. హైదరాబాదీ బ్యాటర్ ఎం.ఎల్. జయసింహ 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియాపై జరిగిన టెస్టులో ఐదు రోజులూ ఎంతో కొంతసేపు బ్యాటింగ్ చేసి, అలా చేసిన తొలి ఆటగాడిగా నిలిచాడు. అదే ఏడాది చివర కాన్పూర్‌లో పాకిస్థాన్‌పై ఎనిమిది గంటలకు పైగా ఆడి 99 పరుగుల వద్ద రనౌటయ్యాడు. ఒకరి దూకుడు, మరొకరి ఓర్పు వారి వారి శైలులుగానే గుర్తింపు పొందాయి తప్ప, వాటి ఆధారంగా ఇద్దరినీ వేర్వేరు జట్లలో కూర్చోబెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అందుకు కారణం ఆ రెండు శైలులకూ చోటున్న ఆట ఒక్కటే కావడం.

మార్పు ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్‌లో, ఖాళీ అవుతున్న స్టాండ్ల ఒత్తిడి వల్ల మొదలైంది. 1962లో నాలుగు మధ్య ఇంగ్లండ్ కౌంటీలు ప్రయోగాత్మకంగా ఒక్కరోజు పోటీ నిర్వహించగా, మరుసటి ఏడాది జిలెట్ కప్ పేరుతో అన్ని కౌంటీలకూ 65 ఓవర్ల పోటీ ఏర్పడింది. 1969లో వచ్చిన ఆదివారపు లీగ్ ఓవర్లను 40కి కుదించడమే కాక, ఒక్కో బౌలర్‌కు ఎనిమిది ఓవర్ల కోటా విధించి, బౌలర్ పరుగెత్తే దూరాన్ని సైతం 15 గజాలకు పరిమితం చేసింది. ఈ కోటా నిబంధన పైకి చిన్నదిగా కనిపించినా దాని పర్యవసానం పెద్దది. ఇద్దరు గొప్ప బౌలర్లు రోజంతా బౌలింగ్ చేసి మ్యాచ్ గెలిపించే వీలు లేకపోవడంతో, ప్రతి జట్టుకూ కనీసం ఐదుగురు బౌలర్లు తప్పనిసరి అయ్యారు. దానితో కొంత బ్యాటింగ్, కొంత బౌలింగ్ చేయగలిగి మైదానంలో చురుగ్గా కదిలే ఆటగాడికి, టెస్టుల్లో ఎన్నడూ లేని గిరాకీ ఏర్పడింది.

అంతర్జాతీయ వన్డే మాత్రం అనుకోకుండా పుట్టింది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్ల మెల్‌బోర్న్ టెస్టు వర్షానికి కొట్టుకుపోగా, ప్రేక్షకుల కోసం 1971 జనవరి 5న ఎనిమిది బంతుల ఓవర్లు నలభై చొప్పున ఒక మ్యాచ్ ఆడించారు. అందులో ఆడినవారంతా టెస్టు ఆటగాళ్లే. నాలుగేళ్ల తర్వాత, 1975 జూన్ 7న లార్డ్స్‌లో తొలి ప్రపంచకప్ ఆరంభమైన రోజున రెండు దృష్టుల మధ్య దూరం మొదటిసారి అందరికీ కనిపించింది. ఇంగ్లండ్ 60 ఓవర్లలో 4 వికెట్లకు 334 పరుగులు చేయగా, ఆనాటి ప్రపంచ అగ్రశ్రేణి ఓపెనర్లలో ఒకడైన సునీల్ గవాస్కర్ 60 ఓవర్లూ క్రీజులో నిలిచి 174 బంతుల్లో 36 పరుగులతో నాటౌట్‌గా మిగిలాడు; భారత్ 3 వికెట్లకు 132 పరుగులు చేసి 202 పరుగుల తేడాతో ఓడింది. టెస్టులో జట్టును ఓటమి నుంచి కాపాడే ఇన్నింగ్స్ ఏదో, వన్డేలో జట్టును ఓడించే ఇన్నింగ్స్ కూడా అదే కాగలదని ఆ స్కోరుకార్డు నిరూపించింది.

నిబంధనలు ఆ తర్వాత కూడా మారుతూ వచ్చాయి. 1979 నవంబరులో సిడ్నీలో వెస్టిండీస్ గెలుపుకు చివరి బంతికి మూడు పరుగులు కావలసినప్పుడు, ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ బ్రియర్లీ వికెట్‌కీపర్‌తో సహా ఫీల్డర్లందరినీ బౌండరీ గీత దగ్గరికి పంపాడు. అది నిబంధనలకు విరుద్ధం కాకపోయినా ఆట స్ఫూర్తికి తగదన్న విమర్శ రేగి, మరుసటి సీజన్ నుంచి ఆస్ట్రేలియాలో మైదానం మధ్య ముప్పై గజాల వలయం గీసి, అందులో ఇంతమంది ఫీల్డర్లు తప్పక ఉండాలన్న షరతు పెట్టారు. ఈ వలయమే కాలక్రమంలో, ఇన్నింగ్స్ తొలి ఓవర్లలో బయట ఉండే ఫీల్డర్ల సంఖ్యను కుదించే పవర్‌ప్లేగా మారి, లోపలి ఫీల్డర్ల తలల మీదుగా బంతిని లేపి కొట్టే ఓపెనర్‌ను తయారుచేసింది. కోటా నిబంధన గిరాకీ తెచ్చిన బహుముఖ ఆటగాళ్ల విలువ కూడా ఈ కాలంలోనే తెలిసింది: భారత్ 1983లో ప్రపంచకప్ గెలిచినప్పుడు టోర్నీలో అత్యధికంగా 18 వికెట్లు తీసిన రోజర్ బిన్నీ, 17 వికెట్లు తీసిన మదన్‌లాల్ ఇద్దరూ బ్యాటింగ్ కూడా చేయగల మీడియం పేసర్లు. సెమీస్‌లోనూ ఫైనల్‌లోనూ మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్‌గా నిలిచిన మొహీందర్ అమర్‌నాథ్ టెస్టు బ్యాటరే అయినా, ఆ విజయాల్లో అతని బౌలింగ్ పాత్ర తక్కువేమీ కాదు.

ఆటలో వచ్చిన తేడా జట్టు కూర్పులో అధికారికంగా కనిపించింది 1990ల చివర్లోనే. 1997-98 సీజన్‌లో ఆస్ట్రేలియా సెలెక్టర్లు టెస్టు కెప్టెన్ మార్క్ టేలర్‌నూ, వికెట్‌కీపర్ ఇయాన్ హీలీనీ వన్డే జట్టు నుంచి తప్పించి, స్టీవ్ వాకు వన్డే పగ్గాలు, ఆడమ్ గిల్‌క్రిస్ట్‌కు కీపింగ్ బాధ్యత అప్పగించారు. టెస్టు కెప్టెన్‌గా కొనసాగుతున్న వ్యక్తికి వన్డే జట్టులో చోటే లేకపోవడం అప్పటికి సంచలన నిర్ణయం. ఆ తరం వన్డే నిపుణుల్లో అగ్రగణ్యుడు మైకేల్ బెవాన్. 1996 నూతన సంవత్సరం రోజున సిడ్నీలో వెస్టిండీస్‌పై ఆరు వికెట్లు 38 పరుగులకే పడిపోయిన స్థితి నుంచి, ఒంటిచేత్తో ఇన్నింగ్స్‌ను లాక్కొచ్చి చివరి బంతికి ఫోర్ కొట్టి గెలిపించిన అతను, చివరి ఓవర్లలో లక్ష్యాన్ని పూర్తిచేసే ఫినిషర్ పాత్రకు ఆదర్శంగా నిలిచాడు. 232 వన్డేల్లో 53కు పైగా సగటు సాధించిన అదే బెవాన్, 18 టెస్టుల్లో 29 సగటు దగ్గర ఆగిపోయాడు. భారత్‌లో 196 వన్డేలు ఆడిన అజయ్ జడేజాకు 15 టెస్టులు, 136 వన్డేలు ఆడిన రాబిన్ సింగ్‌కు ఒకే ఒక్క టెస్టు దక్కాయి. ఈ విభజనకు రెండో వైపున హైదరాబాద్ బిడ్డ వి.వి.ఎస్. లక్ష్మణ్ కనిపిస్తాడు. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలోఆన్ ఆడుతూ ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసిన ఈ మణికట్టు కళాకారుడు 134 టెస్టులు ఆడినా, వన్డేలు 86తోనే సరిపెట్టుకున్నాడు. ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడకుండానే రిటైరయ్యాడు.

ఇరవై ఓవర్ల ఆట ఈ చీలికను మరింత లోతు చేసింది. 2003 జూన్‌లో ఇంగ్లండ్ బోర్డు, ఉద్యోగులూ పిల్లలూ సాయంత్రం పూట మూడు గంటల్లో చూసి ఇంటికి వెళ్లేలా కౌంటీలకు ట్వంటీ20 కప్ ప్రవేశపెట్టింది. 2007లో భారత్ తొలి టీ20 ప్రపంచకప్ గెలవడం, 2008 ఏప్రిల్‌లో ఐపీఎల్ మొదలవడం దాన్ని ప్రపంచవ్యాప్త పరిశ్రమగా మార్చాయి. ఈ ఆట తర్కం టెస్టు తర్కానికి పూర్తిగా వ్యతిరేకం. టెస్టులో రోజుకు తొంభై ఓవర్ల చొప్పున ఐదు రోజులుంటాయి గనుక కొరత వికెట్లదే, బంతులది కాదు. అందువల్ల వికెట్ కాపాడుకోవడమే బ్యాటర్ మొదటి ధర్మం. టీ20లో పది వికెట్లను 120 బంతులకు పంచుకోవాలి గనుక కొరత బంతులదే అవుతుంది. పరుగు రాని బంతి, అంటే డాట్ బాల్, ఇక్కడ పెద్ద నష్టమే. బౌలర్ విషయంలోనూ అంతే: టెస్టులో ఒకే లెంగ్త్‌లో గంటల తరబడి బంతి వేసి బ్యాటర్ సహనాన్ని పరీక్షించేవాడు, పొట్టి ఫార్మాట్‌లో యార్కర్, బౌన్సర్, స్లోయర్ బంతి అంటూ ఓవర్‌లోని ఆరు బంతులనూ ఆరు రకాలుగా వేయవలసి వస్తుంది.

బంతి కూడా ఈ తేడాను పెంచింది. ఫ్లడ్‌లైట్ల కింద కనిపించడం కోసం వాడుకలోకి వచ్చిన తెల్ల బంతి, కొద్ది ఓవర్లు గడిచాక ఎర్ర బంతిలా స్వింగ్ కాదు. 2011లో వన్డేలకు రెండు చివరల నుంచి రెండు కొత్త బంతులు వాడాలన్న నిబంధన రావడంతో, ఒక్కో బంతి పాతిక ఓవర్లే వాడకంలో ఉండి, పాతబడ్డ బంతి మెరిసే వైపుకే తిరిగే రివర్స్ స్వింగ్ వన్డేల నుంచి దాదాపు కనుమరుగైంది. 2025లో, 34 ఓవర్ల తర్వాత ఒకే బంతి వాడాలని అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) సవరించడం ఆ నష్టాన్ని అంగీకరించడమే.

తెలుగు నేలపై పుట్టిన ఇద్దరు ఆటగాళ్ల జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విభజన మరింత తేటతెల్లమవుతుంది. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు, 2002లో పదిహేడేళ్ల వయసులో ఆంధ్రపై జరిగిన రంజీ మ్యాచ్‌లో హైదరాబాద్ తరఫున 210, 159 నాటౌట్ స్కోర్లు చేసిన అరుదైన ప్రతిభావంతుడు. అంటే సుదీర్ఘ ఇన్నింగ్స్ ఆడటం చేతగానివాడు కాడు. అయినా అతనికి ఒక్క టెస్టు కూడా దక్కలేదు. 2018 ఐపీఎల్‌లో చెన్నై తరఫున 602 పరుగులు చేసిన తర్వాత, ఆ ఏడాది నవంబరులో పొట్టి ఫార్మాట్‌పై దృష్టి పెట్టేందుకు ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌కు స్వస్తి చెప్పాడు. చివరకు 55 వన్డేల్లో 47 సగటుతో, ఆరు ఐపీఎల్ టైటిళ్లతో కెరీర్ ముగించాడు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి దారి దీనికి పూర్తిగా భిన్నం. 16 టెస్టులు ఆడిన అతనికి ఒక్క అంతర్జాతీయ వన్డే గానీ, టీ20 గానీ ఆడే అవకాశం రాలేదు. 2021 జనవరి 11న ఆస్ట్రేలియాతో సిడ్నీ టెస్టు చివరి రోజున తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో, విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. నడుం నొప్పితో బాధపడుతున్న అశ్విన్‌తో కలిసి నలభైకి పైగా ఓవర్లు వికెట్ పడనివ్వకుండా మ్యాచ్‌ను డ్రా చేశాడు. పొట్టి ఫార్మాట్ లెక్కల్లో ఆ ఇన్నింగ్స్‌కు చోటే లేదు. కానీ భారత్ ఆ సిరీస్‌ను బ్రిస్బేన్ వరకు సజీవంగా ఉంచుకుని గెలవడానికి మూలం ఆ 161 బంతులే. రాంచీలో 2017లో 525 బంతులు ఎదుర్కొని 202 పరుగులు చేసిన ఛతేశ్వర్ పుజారా 2014 తర్వాత ఐపీఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోవడం, ఈ రెండు నైపుణ్యాలకు మార్కెట్ కట్టే ధరలో ఎంత వ్యత్యాసం ఉందో తెలుపుతుంది.

అయితే ఈ గోడ దాటరానిది కాదు. డేవిడ్ వార్నర్ 2009లో ఒక్క ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ కూడా ఆడకుండానే ఆస్ట్రేలియా టీ20 జట్టులోకి వచ్చి 43 బంతుల్లో 89 పరుగులు చేశాడు. పదేళ్ల తర్వాత అడిలైడ్ టెస్టులో పాకిస్థాన్‌పై 335 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. విశాఖపట్నానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డి 2024 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ తరఫున పేరు తెచ్చుకుని, ఆ ఏడాది డిసెంబరులోనే మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేశాడు. హైదరాబాద్‌కు చెందిన మహ్మద్ సిరాజ్, టీ20లో నాలుగు ఓవర్ల కోటాకు అలవాటుపడ్డ తరం బౌలరే అయినా, 2025లో ఇంగ్లండ్‌తో ఐదు టెస్టులూ ఆడి, 185 ఓవర్లకు పైగా వేసి 23 వికెట్లు తీశాడు. కాబట్టి ఒక ఫార్మాట్‌లో తయారైనవాడు మరొక ఫార్మాట్‌కు పనికిరాడన్న వాదనకు చరిత్రలో ఆధారం లేదు. కావలసింది అవకాశం, సాధనకు వ్యవధి.

ఆ వ్యవధే ఇప్పుడు కరువవుతోంది. 2024 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా బోర్డు తన ఫ్రాంచైజీ లీగ్‌కు ప్రధాన ఆటగాళ్లను కేటాయించి, అంతకుముందు ఒక్క టెస్టు కూడా ఆడని నీల్ బ్రాండ్ నాయకత్వంలో న్యూజిలాండ్‌కు ద్వితీయ శ్రేణి జట్టును పంపగా, న్యూజిలాండ్ ఆ దేశంపై చరిత్రలో తొలిసారి టెస్టు సిరీస్ గెలిచింది. మరుసటి నెలలోనే భారత బోర్డు, సీజన్‌లో నాలుగింట మూడొంతులకు పైగా టెస్టులు ఆడేవారికి మ్యాచ్ ఫీజు 15 లక్షలకు అదనంగా మ్యాచ్‌కు 45 లక్షల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. ఒకటి సమస్య తీవ్రతను చూపే ఉదాహరణ, మరొకటి దాన్ని ఎదుర్కొనే ప్రయత్నం. అయితే జాతీయ జట్టులో స్థిరపడ్డవారికి ఇచ్చే సొమ్ముతోనే పని పూర్తికాదు. టెస్టు ఆటగాడు తయారయ్యేది రంజీ మైదానంలో, నాలుగో రోజు పగుళ్లు తేలిన పిచ్ మీద. కనుక భారత బోర్డూ, హైదరాబాద్, ఆంధ్ర క్రికెట్ సంఘాలూ రంజీ సీజన్‌కు లీగుల ఒత్తిడి తగలని నెలలు కేటాయించి, వయోపరిమితి పోటీల నుంచే బహుళదిన మ్యాచ్‌లు పెంచి, ఐపీఎల్ వేలంలో పేరు రాని రంజీ ఆటగాడికి కూడా గౌరవప్రదమైన జీవనం కల్పించాలి. పొట్టి ఆటను మార్కెట్ పోషిస్తుంది; సుదీర్ఘ ఆటను పోషించవలసిన బాధ్యత మాత్రం సంస్థలదే.