పేరు మంచుది, పని ఎండది

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను మన ఫుట్‌బాల్‌తో కలపకూడదు. అక్కడి బంతికి రెండు కొసలూ మొనదేలి ఉంటాయి, కాలికంటే చేతికే ఎక్కువ పని. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, దాన్ని ‘ఫస్ట్ డౌన్’ అంటారు. జరగలేమనిపిస్తే బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు అప్పగించేస్తారు, అది ‘పంట్’. ఈ రెండు మాటలు తెలిస్తే ఇక్కడ చెప్పబోయే కథకు చాలు.

సీజన్ ఆగస్టు చివర మొదలై జనవరిలో ముగుస్తుంది. ఒకే జట్టు ఒకే ఏడాదిలో వడగాలీ తినాలి, మంచూ తినాలి. 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు మొదటిసారి తలపడిన నాటి నుంచి లెక్కేస్తే ఒకటిన్నర శతాబ్దం దాటింది. అంత దూరం వెనక్కి తిరిగి చూస్తే నాకొక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మంచులో ఆడిన ఆటలకు ముద్దుపేర్లున్నాయి, మనవళ్లకు చెప్పుకునే కథలున్నాయి. ఎండకు అవేమీ లేవు. ప్రాణాలు తీసింది మాత్రం ఎండే.

వాతావరణాన్ని మొదట అమ్ముకున్నది కాలిఫోర్నియా. పసడీనాలో వ్యాలీ హంట్ క్లబ్ పెద్దలు 1890 జనవరి 1న పూలబళ్ల ఊరేగింపు మొదలుపెట్టారు. తూర్పు రాష్ట్రాలవాళ్లు మంచు కింద మూలుగుతుంటే ఇక్కడ గులాబీలు పూస్తున్నాయని చాటడమే ఉద్దేశం. చాటితే జనం వస్తారు, జనం వస్తే స్థలాలకు ధర వస్తుంది. ఊరి శివార్లలో వెంచర్లు వేసేవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. 1902 కొత్త సంవత్సరం రోజున ఊరేగింపుకు తోడుగా ఒక ఆట పెట్టి, మంచు దేశం నుంచి మిషిగన్ జట్టును పిలిచారు. వచ్చిన అతిథి స్టాన్‌ఫర్డ్‌ను 49-0తో చితక్కొట్టాడు. ఇంకా ఎనిమిది నిమిషాలుండగానే స్టాన్‌ఫర్డ్ చేతులెత్తేసింది. నిర్వాహకులు బెంబేలెత్తి ఫుట్‌బాల్‌ను పక్కన పెట్టి, కొన్నాళ్లు రథాల పందేలతో సరిపెట్టుకున్నారు. 1916లో గానీ ఆట తిరిగి రాలేదు. అదే రోజ్ బౌల్.

ఆ వ్యాపారం చూసి మిగతా ఎండ ఊళ్లూ మేలుకున్నాయి. 1935లో మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్, ఎల్ పాసోలో సన్ బౌల్ మొదలయ్యాయి. 1937లో డల్లాస్‌లో కాటన్ బౌల్. పేర్లలోనే ఉంది గుట్టు: నారింజ, పంచదార, పత్తి, వాటన్నిటినీ పండించే సూర్యుడు. ఉత్తరాది జట్టు ఎంత ఉద్దండమైనదైనా ఏడాది చివరి పెద్ద ఆటకు మూటాముల్లె సర్దుకుని వెచ్చటి ఊరికి పోవాల్సిందే. దక్షిణాదివాళ్లు జనవరిలో మంచులోకి రావాల్సిన అవసరం మాత్రం దాదాపు తొంభై ఏళ్లు పడలేదు.

ఇక మంచు కథల్లో పెద్దది 1950 నవంబరు 25 నాటిది. ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో ఒహాయో స్టేట్, మిషిగన్ ఆడాల్సిన రోజు. మైనస్ 12 సెల్సియస్ దరిదాపుల్లో చలి, పైగా ఈదురుగాలి, తెరిపి లేని మంచు. మైదానం మీద పరిచిన టార్పాలిన్ గడ్డకట్టి నేలకు కరుచుకుపోతే, దాన్ని పీకడమే ఒక యజ్ఞమైంది. గీతలు కనపడలేదు. అయినా 50,503 మంది వచ్చి కూర్చున్నారు. మిషిగన్ ఆ రోజంతా ఒక్క ఫస్ట్ డౌన్ సాధించలేదు, ఒక్క పాస్ అందుకోలేదు, మొత్తం కలిపి కదిలింది 27 గజాలు. గెలిచింది మిషిగనే, 9-3తో.

అదెలా అంటే, చలిలో బంతి పైతోలు బిగుసుకుంటుంది, లోపలి గాలి ఒత్తిడి తగ్గుతుంది, గాలి చిక్కబడి తన్నిన బంతి తొందరగా నేలకు దిగుతుంది. తడిమంచు అంటిన బంతి మొద్దుబారిన వేళ్లకు సబ్బుబిళ్లతో సమానం. అలాంటి రోజున బంతి మన దగ్గరుండటమే ప్రమాదం. అందుకని రెండు జట్లూ ‘నాకొద్దంటే నాకొద్ద’ని ఒకరి మీదికొకరు తన్నుకుంటూ పోయాయి. మొత్తం 45 పంట్లు పడ్డాయి. మిషిగన్‌కు చెందిన చక్ ఆర్ట్‌మన్ ఒక్కడే 24 కొట్టాడు. ఒహాయో వీరుడు విక్ జనోవిచ్ ఆ గాలివానలాంటి మంచులోనే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని, అంటే ఒక ఫీల్డ్ గోల్ కొట్టి, తన జట్టుకున్న ఆ మూడు పాయింట్లూ తెచ్చాడు. ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనిదే. కానీ అతని పంట్‌లను మిషిగన్ రెండుసార్లు అడ్డుకుంది, వాళ్ల తొమ్మిది పాయింట్లూ అక్కడి నుంచే వచ్చాయి. రెండోది మొదటి సగం ముగియడానికి 47 సెకన్ల ముందు. కాలయాపన చేయాల్సిన చోట పంట్ ఎందుకు కొట్టించావంటూ కోచ్ వెస్ ఫెస్లర్‌ను ఊరంతా దుమ్మెత్తిపోసింది. ఆయన కొద్దిరోజులకే రాజీనామా చేశాడు. 1951లో ఆ కుర్చీలోకి వచ్చిన వుడీ హేస్ 28 సీజన్లు కదల్లేదు. బంతిని గాల్లోకి విసరడం కంటే గుండెలకు హత్తుకుని మూడేసి గజాలు నెట్టుకుపోవడాన్నే నమ్మిన మనిషి. ఆయన పద్ధతిని మంచే తయారు చేసిందనను గానీ, కొలంబస్ నవంబరులో ఉద్యోగం నిలబెట్టుకోదలచినవాడికి అదేమంత పిచ్చి నమ్మకం కాదు.

వెచ్చదనం అమ్ముకున్న ఊరిని కూడా చలి ఒకసారి వెక్కిరించింది. 1979 జనవరి 1న డల్లాస్ కాటన్ బౌల్ మీద మంచువాన గడ్డకట్టింది. నోటర్ డేమ్ జట్టులో బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా ఒంటి వేడి పడిపోయి డ్రెస్సింగ్ రూముకు చేరాడు. దుప్పట్లు కప్పి, కోడి సూపు పట్టించారు. అతను తిరిగొచ్చేసరికి హ్యూస్టన్ జట్టు 34-12తో ముందుంది. గడియారం సున్నా చూపించాక నోటర్ డేమ్ 35-34తో గెలిచింది. అమెరికాలో దాన్ని ఇప్పటికీ ‘చికెన్ సూప్ ఆట’ అంటారు.

ఎండ కథ ఇలా సూపుతో తేలేది కాదు. టెక్సస్ వేసవి మన రోహిణి కార్తెకు వరసకు అన్న. పైన హెల్మెట్, భుజాల మీద ప్యాడ్లు, లోపల 130 కిలోల మనిషి: చెమట పట్టినా ఆరే దారి లేదు. లూయిజియానా స్టేట్ 1931 నుంచే సొంతగడ్డ ఆటలను రాత్రికి మార్చుకుంది, దానికి చెప్పే కారణాల్లో మధ్యాహ్నపు ఉక్కపోత ఒకటి. ఆటనైతే అలా చీకట్లోకి జరపొచ్చు. ప్రాక్టీసు సంగతి వేరు, అది ఆగస్టు పగటి ఎండలోనే జరిగేది. అక్కడ టికెట్లుండవు, జనముండరు.

1954 సెప్టెంబరులో టెక్సస్ ఏ అండ్ ఎమ్ కోచ్ బేర్ బ్రయంట్ కుర్రాళ్లను జంక్షన్ అనే కరువు ఊరికి తీసుకెళ్లి పదిరోజులు నలగ్గొట్టాడు. 38 డిగ్రీలు దాటిన ఎండలో మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అది ఆయనొక్కడి క్రౌర్యం అనుకోవడానికి వీల్లేదు, నీళ్లు తాగితే మెత్తబడతారన్నది ఆనాటి కోచ్‌లలో చాలామంది నమ్మకమే. రాత్రిపూట సంచులు సర్దుకుని పారిపోయినవాళ్లు పారిపోగా, రెండు బస్సుల్లో వెళ్లిన జట్టు ఒక్క బస్సుకు సరిపోయింది. ఒకడికి వడదెబ్బ తగిలి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఆ ఏడు జట్టు ఒక్క ఆట గెలిచి తొమ్మిది ఓడింది. అయినా 1956లో కాన్ఫరెన్స్ టైటిల్ రావడంతో జంక్షన్ పుణ్యక్షేత్రమైపోయింది. పుస్తకం వచ్చింది, సినిమా వచ్చింది. గెలుపు ఒక్కటి దొరికితే దాహం కూడా తపస్సుగా చెలామణి అవుతుంది కాబోలు.

ఆ నమ్మకాన్ని మొదట దెబ్బకొట్టింది ఫ్లోరిడా యూనివర్సిటీ. ఆటగాళ్లు ఆట తర్వాత మూత్రానికి ఎందుకు వెళ్లరని 1965లో ఒక అసిస్టెంట్ కోచ్ అడిగిన ప్రశ్న, కిడ్నీ డాక్టరు రాబర్ట్ కేడ్ చెవిన పడింది. ఒంట్లోని నీరంతా చెమటగానే పోతోంది, దానితోపాటు ఉప్పూ. కేడ్ బృందం నీళ్లలో ఉప్పూ చక్కెరా కలిపింది. నోట పెట్టుకోలేకపోతే నిమ్మరసం పిండమని డాక్టరు గారి భార్య సలహా ఇచ్చింది. వేసవిలో మన ఇంటికొచ్చినవాళ్లకు చేతికిచ్చే గ్లాసే అది, కాకపోతే వాళ్లు దానికి జట్టు పేరు మీద గాటరేడ్ అని పేరుపెట్టి సీసాల్లో పోశారు. 1967 ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా జార్జియా టెక్‌ను 27-12తో ఓడించాక దాని పేరు దేశమంతా పాకింది.

నీళ్లు దొరికాయి గానీ చావులు ఆగలేదు. కొత్తగా ఎండలోకి దిగిన శరీరానికి అలవాటుపడే వ్యవధి కావాలని ఒప్పుకుని, ప్రాక్టీసు మొదటి ఐదు రోజులకు పరిమితులు పెట్టడానికి 2003 దాకా పట్టింది. 2018 మే 29న మేరీలాండ్ యూనివర్సిటీలో జోర్డాన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల కుర్రాడు వరసగా 110 గజాల పరుగులు తీస్తూ కుప్పకూలాడు. జూన్ 13న చనిపోయాడు. వడదెబ్బకు మందు దశాబ్దాలుగా తెలిసిందే: మంచునీళ్ల తొట్టిలో వెంటనే ముంచి, ఒంటి వేడి దించి, ఆ తర్వాతే ఆసుపత్రికి పంపాలి. ఆ రోజు ఒంటి వేడి కొలవలేదు, తొట్టిలో దించలేదు, అంబులెన్సు కదిలేసరికే గంట దాటింది. యూనివర్సిటీ అధ్యక్షుడు బాధ్యత ఒప్పుకున్నాడు. కోచ్‌ను కొనసాగిస్తామని పాలకమండలి ప్రకటించిన మర్నాడే, రేగిన ఆగ్రహానికి అతణ్ని తొలగించాల్సి వచ్చింది.

ఇటు చలికి మాత్రం గిరాకీ పెరిగింది. మిన్నెసోటా 1982లో కప్పున్న మెట్రోడోమ్‌లోకి చేరి, ఆట కళ తప్పిందని 2009లో మళ్లీ ఆకాశం కిందికి వచ్చేసింది. 2024 డిసెంబరులో పన్నెండు జట్ల ప్లేఆఫ్ మొదలై, తొలి రౌండ్ ఆటలు కాలేజీ మైదానాల్లోనే పెట్టారు. డల్లాస్ నుంచి ఎస్‌ఎమ్‌యూ పెన్ స్టేట్‌కు వెళ్లి 38-10తో, టెనెసీ కొలంబస్‌కు వెళ్లి 42-17తో ఓడాయి, రెండు చోట్లా నీరు గడ్డకట్టే చలి. 1902 నుంచి ఉత్తరాది జట్లు చేసిన ప్రయాణాల బాకీ తీరుతోందని అక్కడివాళ్లు సంబరపడ్డారు. ఫైనల్‌ను మాత్రం అట్లాంటాలో కప్పు కిందే ఆడారు.

ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే చాలా కాలేజీల ప్రాక్టీసు మైదానాల పక్కన మంచుగడ్డలు వేసిన నీళ్ల తొట్టి ఒకటి కనిపిస్తుంది. దాని దగ్గర ట్రైనర్ ఒకరు ఉష్ణోగ్రతా తేమా కలిపి కొలిచే పరికరం పట్టుకుని నిలబడి ఉంటారు. అంకె గీత దాటితే ప్యాడ్లు విప్పిస్తారు. ఇంకా దాటితే కుర్రాళ్లను ఇంటికి పంపేస్తారు.