గట్టు మీది పేర్లు

నేను హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ట్యాంక్‌బండ్ మీద సాయంకాలపు నడక అంటే ఒక విధంగా సాహిత్య చరిత్ర పునశ్చరణే. నన్నయ, తిక్కన, ఎర్రన, మొల్ల, వేమన, గురజాడ, జాషువా, శ్రీశ్రీ... దిమ్మెల మీది పేర్లు చదువుకుంటూ నడిచేవాణ్ణి. 1986లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ప్రతిష్ఠించిన 33 విగ్రహాలవి. తెలుగుజాతి అన్న మాటకు అదే సమగ్ర నిర్వచనమని నా నమ్మకం.

ఒకనాడు ఆదిలాబాదు నుంచి వచ్చిన జూనియర్ ఒకతను నాతో పాటు నడిచాడు. గట్టు చివరికి వచ్చాక నెమ్మదిగా అడిగాడు.

"అందరు పెద్దోళ్లే గని అన్నా, మా కొమురం భీము ఏడున్నడు?"

రుద్రమదేవి, మఖ్దూం, సురవరం ప్రతాపరెడ్డి అంటూ నేనేదో లెక్క చెప్పబోయాను. అతను నవ్వి ఊరుకున్నాడు. నిజాం పాలన నెదిరించి 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగిన గోండు వీరుడికి ఆ వరుసలో చోటు లేదన్న సంగతి అంతవరకు నాకు తట్టనే లేదు. ఉన్నవారు అందరికీ కనబడతారు. లేనివారు మాత్రం, వారికోసం వెతికే కళ్ళకే కనబడతారు.

ఆ చెరువు అప్పటికే ఒక విగ్రహాన్ని మింగి ఉంది. రాయగిరి రాతి నుంచి గణపతి స్థపతి ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న 58 అడుగుల ఏకశిలా బుద్ధుణ్ణి పంటు మీద తరలిస్తుండగా, 1990 మార్చి 10న అది నీట మునిగింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరు 1న బుద్ధుడు చెరువు నడిమి రాతిమీద నిలిచాడు. ఆ రెండున్నరేళ్ళూ ఆయన ఎప్పుడు పైకి వస్తాడా అని ఎదురుచూడని ప్రాంతం లేదు. ఆయన ఏ జిల్లావాడని ఎవరూ అడగలేదు. ఆయనను మోసుకువెళుతూ మరణించినవారి పేర్లు మాత్రం మనలో ఎందరికి తెలుసు?

సరిగ్గా 21 ఏళ్ళకు, మళ్ళీ మార్చి 10నే, 2011లో, మిలియన్ మార్చ్ నాడు గట్టు మీది విగ్రహాలు అనేకం కూలాయి. కొన్నిటిని అదే నీటిలో పడవేశారు. ఈసారి ముంచింది ప్రమాదం కాదు, మనుషులు. కూలినవాటిలో శ్రీశ్రీ ఉన్నాడు, జాషువా ఉన్నాడు. వెలివేతను జీవితమంతా ప్రశ్నించిన కవి, మమ్మల్ని వెలివేశారన్న ఆగ్రహానికే బలికావడం నన్ను చాలాకాలం బాధించింది. ఆ పనిని నేను నేటికీ సమర్థించలేను. కాని కోపం ఆ కవుల మీద కాదనీ, వారిని వరుసగా నిలిపిన జాబితా మీదనీ నాకు అర్థమయింది ఆనాటి ప్రశ్న వల్లనే. ఆ ప్రశ్నకు సకాలంలో జవాబు చెప్పి ఉంటే, సుత్తి అవసరం కలిగేది కాదేమో.

కూలిన విగ్రహాలను తరువాత మళ్ళీ నిలబెట్టారు. భీము కూడా గట్టు మీదికి వచ్చాడు. చూసి వచ్చిన రాత్రి నా పాత మిత్రుడికి ఫోను చేసి చెప్పాను. అతను కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నాడు.

"మంచిగైంది అన్నా. జాషువాను గూడ మల్ల నిలవెట్టిండ్రా?"